దర్యాప్తు, అభియోగం, తీర్పు: మూడు బాధ్యతల విభజన చరిత్ర

నేరం జరిగిందన్న సమాచారం అందినది మొదలు న్యాయస్థానం తుది తీర్పు వెలువరించే వరకు రాజ్యం తరఫున మూడు వేర్వేరు పనులు జరుగుతాయి. జరిగినదేమిటో తెలుసుకొని, ఆధారాలు సేకరించి, అనుమానితుని పట్టుకొనడం మొదటిది. ఆ ఆధారాలను పరిశీలించి, వాటి బలంపై న్యాయస్థానంలో అభియోగాన్ని నడపడం రెండవది. ఉభయపక్షాల వాదాన్ని విని దోషమో నిర్దోషమో నిర్ణయించడం మూడవది. మొదటి పని పోలీసులది, రెండవది ప్రాసిక్యూటర్లది, మూడవది న్యాయమూర్తులది. ఈనాడు ఇది సహజమైన ఏర్పాటుగా కనిపిస్తుంది. కాని భారతదేశంలో ఈ మూడు పనులు మూడు చేతులలోకి రావడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది. ఆ చరిత్రలోని ఒక ముఖ్యఘట్టం మద్రాసు రాజధాని జిల్లాలలో, వాటిలో భాగమైన తెలుగు ప్రాంతాలలో, జరిగింది.

నేరస్థుని పట్టుకొన్న అధికారికి తన అనుమానం నిజమని రుజువు కావాలన్న ఆసక్తి ఉంటుంది. అది అతని విధినిర్వహణలో ఇమిడి ఉన్నదే. అయితే అనుమానించిన అధికారే నేరాంగీకారాన్ని వ్రాసుకొని, ఆ అంగీకారంపై తానే నిర్ణయం చెప్పితే, అనుమానానికీ శిక్షకూ మధ్య అడ్డు ఉండదు. ఒకరు తేల్చినదానిని ఆ ఫలితంతో సొంత ప్రయోజనం లేని మరొకరు తిరిగి పరీక్షించాలన్నదే ఈ విభజనకు మూలసూత్రం.

పూర్వ వ్యవస్థలు

కౌటిల్యుని అర్థశాస్త్రం న్యాయపాలనను రెండు భాగాలుగా చెప్పింది. వ్యవహారాల పరిష్కారానికి ధర్మస్థీయం, సంఘకంటకుల అణచివేతకు కంటకశోధనం. రెండవదానిని ప్రదేష్టలనే అధికారులు నిర్వహించేవారు. దొంగతనాల ఆరా, అనుమానాస్పద మరణాల పరీక్ష, అనుమానితుల ప్రశ్నింపు, శిక్షావిధి అన్నీ ఈ కంటకశోధన ప్రకరణంలోనే వస్తాయి. అంటే నేరాన్ని వెదకడం, నేరంపై నిర్ణయం చెప్పడం వేర్వేరు వ్యవస్థలుగా అందులో రూపొందలేదు.

మొగలు పాలనలో నగరాలకు కొత్వాలు, గ్రామీణ ప్రాంతాలకు ఫౌజుదారు శాంతిభద్రతలు చూసేవారు. మతధర్మాన్ని అనుసరించి తీర్పు చెప్పేవాడు ఖాజీ. ఖాజీ పదవి వేరుగా ఉండడం వల్ల కొంత విభజన కనిపించినా, ఆచరణలో కొత్వాలూ ఫౌజుదారూ తామే శిక్షలు విధించిన సందర్భాలు అనేకం. తెలుగు గ్రామాలలో ఊరి కావలి తలారిది. దొంగల జాడ తీయడం అతని బాధ్యత. సొత్తు దొరకనప్పుడు కావలి రుసుము తీసుకొనేవారు నష్టాన్ని భరించాలన్న ఆచారం దక్షిణదేశంలో ఉండేది. రాయలసీమలో పాలెగాండ్రు ఈ కావలి హక్కును తమ అధికారానికి ఆధారం చేసుకొన్నారు. అభియోగాన్ని నడపడానికి ప్రత్యేకమైన అధికారి ఈ వ్యవస్థలలో ఎక్కడా కనిపించడు. నష్టపోయినవాడే ఫిర్యాది, అతడే అభియోక్త.

కారన్‌వాలిస్ నుంచి మన్రో వరకు

ఈస్టిండియా కంపెనీ పాలనలో అధికార విభజనకు తొలి ప్రయత్నం 1793లో బెంగాలులో జరిగింది. పన్ను వసూలుచేసే కలెక్టరు చేతిలో న్యాయాధికారం ఉండరాదన్న అభిప్రాయంతో కారన్‌వాలిస్ కలెక్టర్లను రెవిన్యూ విధులకు పరిమితం చేశాడు. జిల్లా న్యాయాధికారికే మేజిస్ట్రేటు అధికారం ఇచ్చి, అతని కింద దరోగాలను పోలీసు విధులకు నియమించాడు. జమీందారుల పోలీసు అధికారం తొలగింది. ఈ ఏర్పాటు రెవిన్యూను న్యాయం నుంచి వేరుచేసినా, పోలీసుపై అజమాయిషీని న్యాయాధికారికే అప్పగించింది. 1802 నాటి నిబంధనలతో ఇదే పద్ధతి మద్రాసు రాజధానికి వచ్చింది. జిల్లా కోర్టులు ఏర్పడ్డాయి, న్యాయాధికారులే మేజిస్ట్రేటులయ్యారు, వారి కింద దరోగాలు వచ్చారు.

ఈ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించినవాడు థామస్ మన్రో. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉండి, ఊరూరా తిరిగి రైతువారీ పద్ధతిని అమలుపరచిన అనుభవం అతనిది. కోర్టు దూరమైనది, ఖర్చుతో కూడినది, దాని భాషా పద్ధతులూ రైతుకు అర్థం కానివి అని అతని వాదం. గ్రామపెద్దలకు, తహసీలుదారుకు, కలెక్టరుకు అధికారమిస్తే న్యాయం ప్రజలకు దగ్గరవుతుందని అతడు భావించాడు. కంపెనీ డైరెక్టర్లు ఈ వాదాన్ని అంగీకరించి, 1814లో మన్రో నాయకత్వాన న్యాయసంస్కరణల కమిషనును మద్రాసుకు పంపారు.

ఫలితంగా వెలువడినవి 1816 నాటి నిబంధనలు. మేజిస్ట్రేటు అధికారం జిల్లా న్యాయాధికారి నుంచి కలెక్టరుకు మారింది. దరోగాల వ్యవస్థ పోయింది. తాలూకాలో తహసీలుదారు, గ్రామంలో మునసబు పోలీసు అధికారులయ్యారు. తలారి వారికి సహాయకుడయ్యాడు. మన్రో ఉద్దేశం అధికారాన్ని దేశీయమైన పునాదిపై నిలపడమే. అయినా పరిణామం మరొకటి అయింది. శిస్తు వసూలు చేసే తహసీలుదారే దొంగను పట్టేవాడు, దొంగను ప్రశ్నించేవాడు, చిన్న తగాదాలలో శిక్షించేవాడు. అతనిపై ఫిర్యాదు చేయదలచినవాడు వెళ్ళవలసినది అతని పై అధికారి వద్దకు. ఆ పై అధికారికీ శిస్తు సకాలంలో వసూలు కావడమే ప్రధానం.

1855 నాటి నివేదిక

ఈ ఏర్పాటు ఫలితాలు నాలుగు దశాబ్దాల తర్వాత బహిర్గతమయ్యాయి. అందుకు కారకులలో ముఖ్యుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి. మద్రాసులో స్థిరపడిన ఈ తెలుగు వర్తకుడు 1844లో 'క్రెసెంట్' పత్రికను స్థాపించాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను ఏర్పరచాడు. రైతులపై జరుగుతున్న హింసను గురించి ఈ సంఘం బ్రిటిషు పార్లమెంటుకు విన్నపం పంపింది. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ మద్రాసుకు వచ్చినప్పుడు లక్ష్మీనరసు ఆయనను జిల్లాలకు తీసుకొని వెళ్ళి బాధితులను చూపించాడు. 1854 జూలైలో ఈ విషయం కామన్సు సభలో చర్చకు వచ్చింది. ఆ ఏడాదే మద్రాసు ప్రభుత్వం ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురు సభ్యులతో విచారణ సంఘాన్ని నియమించింది. దాని నివేదిక 1855 ఏప్రిలులో వెలువడింది.

స్వల్పకాలంలోనే సంఘానికి రెండు వేలకు చేరువగా ఫిర్యాదులు అందాయి. వందలాది మంది స్వయంగా మద్రాసుకు నడిచి వచ్చి చెప్పుకొన్నారు. రెండు కర్రల మధ్య వేళ్ళను బిగించే కిట్టి, మెడను కాళ్ళకు చేర్చి వంగదీసి కట్టివేయడం, ఎండలో గంటల తరబడి నిలబెట్టడం, ఆహారమూ నిద్రా లేకుండా చేయడం వంటి పద్ధతులను నివేదిక నమోదు చేసింది. శిస్తు రాబట్టడానికీ, నేరాన్ని ఒప్పించడానికీ ఒకే పద్ధతులు వాడుతున్నారని తేలింది. సాధనమూ ఒకటే, దానిని ప్రయోగించే అధికారీ ఒకడే కావడం వల్ల రెంటికీ భేదం చెరిగిపోయింది.

దోషాన్ని ప్రధానంగా కింది స్థాయి దేశీయ ఉద్యోగులపై మోపి, యూరోపియను అధికారులకు ఇందులో పాత్ర లేదని సంఘం నిర్ణయించింది. ఈ నిర్ణయాన్ని నేటి చరిత్రకారులు యథాతథంగా స్వీకరించరు. శిస్తు నిర్ణయించిన విధానమూ, పై నుంచి వచ్చిన ఒత్తిడీ లేకుండా కిట్టికి అవసరం కలిగేది కాదు. అయితే ఫిర్యాదుకు దారి ఎందుకు మూసుకుపోయిందో నివేదిక స్పష్టంగా గుర్తించింది. కచేరీ దూరం, రానుపోను ఖర్చు, పంట పనులు పోతాయన్న చింత, అన్నిటికీ మించి తిరిగి అదే తహసీలుదారు చేతిలో పడవలసి వస్తుందన్న భయం రైతు నోరు కట్టివేశాయి. రెవిన్యూ, పోలీసు విధులను వేరుచేయడమే దీనికి మార్గమని సంఘం సూచించింది.

1859, 1861 చట్టాలు

ఆ సూచన 1859 నాటి 24వ చట్టంగా రూపుదాల్చింది. మద్రాసు రాజధానికి ప్రత్యేక పోలీసు దళం ఏర్పడింది; విలియం రాబిన్సన్ దానికి అధిపతి అయ్యాడు. మరుసటి ఏడాది నియమితమైన అఖిల భారత పోలీసు కమిషనులో ఆయన సభ్యుడు కావడంతో మద్రాసు అనుభవం దేశవ్యాప్తమైన చట్టానికి దారితీసింది. అదే 1861 నాటి 5వ చట్టం. అదే ఏడాది తొలి నేర విచారణ స్మృతి కూడా వచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతి నేరాన్ని నిర్వచిస్తే, 1861 స్మృతి ఎవరు ఏ పని చేయాలో చెప్పింది. నేరాన్ని దర్యాప్తు చేసే అధికారం పోలీసుకు ఇస్తూనే, పోలీసు ఎదుట చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని శాసించింది. ఈ నియమం 1872 నాటి సాక్ష్య చట్టంలో 25, 26 విభాగాలుగా స్థిరపడింది. అంగీకారం చెల్లాలంటే మేజిస్ట్రేటు ఎదుట, స్వచ్ఛందంగా చేయాలి. ముద్దాయి చెప్పినదాని వల్ల ఏదైనా వస్తువు బయటపడితే ఆ మేరకు చెప్పిన మాటను స్వీకరించవచ్చునన్న 27వ విభాగం మాత్రం ఈ కట్టుబాటుకు ఒక సందును మిగిల్చింది. ఆయుధం దొరికిందన్న పంచనామాలపై నేటికీ న్యాయస్థానాలలో జరిగే వాదాలకు మూలం అక్కడే ఉంది.

ప్రపంచంలోని ఎన్నో దేశాలలో స్వచ్ఛందమైన నేరాంగీకారం పోలీసు ఎదుట చేసినదైనా చెల్లుతుంది. భారత చట్టం మాత్రం పోలీసు అధికారి ఎదుట చేసినదానిని పూర్తిగా పక్కన పెట్టింది. తహసీలుదారు కచేరీలలో నడచిన పాతపద్ధతి గుర్తుండడమే అందుకు కారణం. ఈ నియమం 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలో కూడా 23వ విభాగంగా కొనసాగుతున్నది.

కాని 1861 నాటి ఏర్పాటులో ఒక పెద్ద లోపం ఉంది. తాలూకాలో విడదీసిన అధికారాలు జిల్లాలో మళ్ళీ కలిశాయి. పోలీసు చట్టం 4వ విభాగం ప్రకారం జిల్లా పోలీసు యంత్రాంగం జిల్లా మేజిస్ట్రేటు సాధారణ నియంత్రణకు లోబడి ఉండాలి. ఆ జిల్లా మేజిస్ట్రేటు కలెక్టరే. కిందిస్థాయి మేజిస్ట్రేటులు కూడా అతని అజమాయిషీలోనే ఉండేవారు. వారి పదోన్నతులు అతని అభిప్రాయంపై ఆధారపడేవి. పోలీసులు అతని ఆమోదంతో పెట్టిన కేసును అతని కింది ఉద్యోగే విచారించేవాడు.

జాతీయోద్యమ కోరిక

ఈ స్థితిని మార్చాలన్నది భారత జాతీయ కాంగ్రెసు తొలి కోరికలలో ఒకటి. 1886లో కలకత్తాలో జరిగిన రెండవ మహాసభ కార్యనిర్వాహక, న్యాయ విధులను పూర్తిగా వేరుచేయాలని తీర్మానించింది. ఆ తర్వాత ఎన్నో మహాసభలు దీనిని పునరుద్ఘాటించాయి. కలకత్తా న్యాయవాది మన్‌మోహన్ ఘోష్ మేజిస్ట్రేటుల అధికార దుర్వినియోగానికి సంబంధించిన కేసులను సేకరించి ప్రచురించాడు. 1899లో లార్డు హాబ్‌హౌస్ మొదలైన మాజీ న్యాయమూర్తులు భారతమంత్రికి విజ్ఞాపన సమర్పించారు. ప్రభుత్వం సూత్రాన్ని కాదనలేదు. ఖర్చు, జిల్లా అధికారి ప్రతిష్ఠ అనే రెండు కారణాలతో అమలును వాయిదా వేస్తూ వచ్చింది.

ఈ విషయంలో హైదరాబాదు సంస్థానం బ్రిటిషు జిల్లాల కంటె ముందు నడిచింది. 1920వ దశకం ఆరంభంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ద్వారా న్యాయ విధులను రెవిన్యూ అధికారుల నుంచి తొలగించి ప్రత్యేక న్యాయశాఖకు అప్పగించడం జరిగింది. ప్రజాప్రాతినిధ్యం లేని సంస్థానంలో ఈ సంస్కరణకు హద్దులుండడం సహజం. సర్వాధికారానికి మూలం పాలకుడే. అయినా విభజన ఆర్థికంగా అసాధ్యమన్న వాదానికి ఇది ప్రత్యక్ష సమాధానమైంది.

రాజ్యాంగ సభలో 1948 నవంబరులో ఈ అంశం చర్చకు వచ్చినప్పుడు డాక్టరు అంబేద్కర్ మొదట మూడేళ్ళ గడువుతో కూడిన నియమాన్ని ప్రతిపాదించారు. సంస్థానాలు అప్పుడప్పుడే విలీనమవుతున్నందున అన్ని ప్రాంతాలకూ ఒకే గడువు కుదరదన్న ఆలోచనతో గడువును తొలగించి నియమాన్ని ఆమోదించారు. అదే రాజ్యాంగంలోని 50వ అధికరణం. అది ఆదేశిక సూత్రం మాత్రమే. దానికి తోడుగా న్యాయస్థానాల ద్వారా అమలు చేయించుకోదగిన ప్రాథమిక హక్కులు వచ్చాయి. తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పవలసిందిగా నిందితుని బలవంతపెట్టరాదని 20వ అధికరణం, అరెస్టయినవానిని ఇరువది నాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలని 22వ అధికరణం శాసించాయి.

మద్రాసు రాష్ట్రం పాలనా ఉత్తర్వుల ద్వారా దశలవారీగా విభజనను అమలుచేసింది. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రానికి ఈ ఏర్పాటు వారసత్వంగా వచ్చింది. బొంబాయి 1951లో ప్రత్యేక శాసనం చేసింది. దేశమంతటికీ వర్తించే విభజన మాత్రం 1974 ఏప్రిలు 1 నుంచి అమలులోకి వచ్చిన 1973 నాటి నేర విచారణ స్మృతితోనే సాధ్యమైంది. నేరాన్ని విచారించి శిక్షించే జుడిషియల్ మేజిస్ట్రేటులు ఉన్నత న్యాయస్థానం కిందికి వచ్చారు. శాంతిభద్రతల పరిరక్షణకు సంబంధించిన ముందుజాగ్రత్త అధికారాలు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుల వద్ద మిగిలాయి.

ప్రాసిక్యూటరు స్థానం

మూడు బాధ్యతలలో చివరగా స్వతంత్రరూపం పొందినది అభియోగ నిర్వహణ. ఇంగ్లండులో కూడా ఇది ఆలస్యంగానే జరిగింది. అక్కడ పబ్లిక్ ప్రాసిక్యూషన్ల డైరెక్టరు పదవి 1879 చట్టంతో ఏర్పడినా, ఒక శతాబ్దానికి పైగా సాధారణ కేసులను పోలీసులే నడిపారు. 1985 చట్టం తర్వాతనే ప్రత్యేక అభియోగ సేవ వచ్చింది.

భారతదేశంలో 1898 నాటి నేర విచారణ స్మృతి సెషన్సు న్యాయస్థానంలో అభియోగాన్ని పబ్లిక్ ప్రాసిక్యూటరే నడపాలని చెప్పింది. కాని అత్యధిక కేసులు విచారణకు వచ్చే మేజిస్ట్రేటు కోర్టులలో పోలీసు అధికారులే ప్రాసిక్యూటర్లుగా పనిచేశారు. ఆ కేసు దర్యాప్తులో పాల్గొన్న అధికారి అభియోగం నడపరాదన్నది ఒక్కటే చట్టం విధించిన కట్టుబాటు. దర్యాప్తు చేసిన ఇన్‌స్పెక్టరూ, వాదించిన ప్రాసిక్యూటింగ్ ఇన్‌స్పెక్టరూ ఇద్దరూ ఒకే సూపరింటెండెంటుకు జవాబుదారులు. అందువల్ల దర్యాప్తులోని లోపాన్ని కోర్టుకు రాకముందే పట్టగలిగిన చోటు వ్యవస్థలో లేకపోయింది. ఆధారం చాలని కేసులో ముద్దాయి నెలల తరబడి నిరీక్షించి చివరికి విడుదలయ్యేవాడు. సరిగా నడిపితే నిలబడవలసిన కేసు వాదన చాలక వీగిపోయేది. నష్టం నిర్దోషికీ బాధితునికీ కూడా.

1958లో సెతల్వాడ్ అధ్యక్షతన వెలువడిన లా కమిషన్ 14వ నివేదిక అభియోగ విభాగాన్ని పోలీసు శాఖ నుంచి వేరుచేసి, ప్రతి జిల్లాకూ ప్రత్యేక అధికారిని నియమించాలని సూచించింది. 1973 స్మృతి 25వ విభాగం మేజిస్ట్రేటు కోర్టులకు సహాయ పబ్లిక్ ప్రాసిక్యూటర్లను ఏర్పరచి, సాధారణంగా పోలీసు అధికారి ఆ పదవికి అర్హుడు కాడన్నది. అయినా కొన్ని రాష్ట్రాలలో వారిని పోలీసు శాఖ పాలనా నియంత్రణలోనే ఉంచారు. మహారాష్ట్రకు సంబంధించిన షహానే కేసులో 1995లో సర్వోన్నత న్యాయస్థానం దీనిని తప్పుబట్టి, ప్రాసిక్యూటర్లకు పోలీసు శాఖ క్రమశిక్షణాధికారం నుంచి విముక్తి కలిగించి ప్రత్యేక శ్రేణిగా ఏర్పరచాలని ఆదేశించింది. 2005 నాటి సవరణ ద్వారా ప్రాసిక్యూషన్ డైరెక్టరేటుకు సంబంధించిన 25-ఎ విభాగం చేరింది.

పోలీసు నుంచి వేరుపడితే చాలదు. పాలకపక్షం నుంచి కూడా ప్రాసిక్యూటరుకు స్వతంత్ర బుద్ధి ఉండాలి. కేసు ఉపసంహరణ ఈ విషయంలో గీటురాయి. 1973 స్మృతి 321వ విభాగం ప్రకారం కేసును ఉపసంహరించే అధికారం ప్రభుత్వానిది కాదు, ప్రాసిక్యూటరుది. అదీ న్యాయస్థానం సమ్మతితోనే. ప్రభుత్వం సూచించవచ్చు గాని ప్రాసిక్యూటరు తన వివేచనను ఇతరులకు అప్పగించరాదని 1977లో బల్వంత్ సింగ్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం స్పష్టం చేసింది. కేరళ శాసనసభలో 2015లో జరిగిన విధ్వంసానికి సంబంధించిన కేసును ఉపసంహరించడానికి ఆ రాష్ట్రప్రభుత్వం ప్రయత్నించినప్పుడు, 2021 జూలైలో అదే న్యాయస్థానం అందుకు అనుమతి నిరాకరించింది.

ప్రాసిక్యూటరు కర్తవ్యం ఎలాగైనా శిక్ష వేయించడం కాదన్నది ఈ తీర్పులన్నిటి సారం. ముద్దాయికి అనుకూలమైన ఆధారం తన వద్ద ఉంటే దానిని కూడా న్యాయస్థానం ముందుంచాలి. అతడు దర్యాప్తు యంత్రాంగంలో భాగం కాడని 1994లో హితేంద్ర విష్ణు ఠాకూర్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం పేర్కొన్నది.

న్యాయస్థానాలు గీచిన సరిహద్దులు

వేరుచేసిన తర్వాత ఒకరి పరిధిలోకి మరొకరు ఎంతవరకు రావచ్చునన్న ప్రశ్న తలెత్తింది. లాహోరు నుంచి వెళ్ళిన ఖ్వాజా నజీర్ అహ్మద్ కేసులో 1944లో ప్రీవీ కౌన్సిల్, పోలీసు విధులూ న్యాయస్థాన విధులూ పరస్పర పూరకాలే గాని ఒకదానిపై ఒకటి పడేవి కావని తెలిపింది. దర్యాప్తు అంటే ఏమిటో 1954లో రిష్‌బుద్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం విడమరచింది. సంఘటన స్థలానికి వెళ్ళడం, వాస్తవాలను తెలుసుకొనడం, అనుమానితుని కనుగొని అరెస్టు చేయడం, సాక్ష్యం సేకరించడం, ఆ సాక్ష్యంపై కేసు నిలుస్తుందో లేదో అభిప్రాయం ఏర్పరచుకొనడం అందులోని దశలు.

ఈ చివరి అభిప్రాయం పోలీసుదే. కేసు లేదని పోలీసులు నివేదించినప్పుడు, అభియోగపత్రం దాఖలు చేయండని మేజిస్ట్రేటు ఆదేశించలేడని 1967లో అభినందన్ ఝా కేసులో నిర్ణయమైంది. అయితే మేజిస్ట్రేటు ఆ నివేదికకు బద్ధుడు కాడు. మరింత దర్యాప్తు జరపమనవచ్చు. నివేదికలోని వాస్తవాల ఆధారంగా, పోలీసు అభిప్రాయంతో నిమిత్తం లేకుండా, తానే కేసును విచారణకు స్వీకరించవచ్చు. పోలీసు కలంతో తాను వ్రాయించడు. తన కలాన్ని పోలీసుకు అప్పగించడు.

పోలీసుకూ ప్రాసిక్యూటరుకూ మధ్య సరిహద్దు 2000లో సరళ కేసులో పరిశీలనకు వచ్చింది. అభియోగపత్రానికి ముందు పబ్లిక్ ప్రాసిక్యూటరు అభిప్రాయం తీసుకొనవలసిందిగా మద్రాసు ఉన్నత న్యాయస్థానం దర్యాప్తు అధికారిని ఆదేశించగా, సర్వోన్నత న్యాయస్థానం ఆ ఆదేశాన్ని రద్దుచేసింది. ప్రాసిక్యూటరు పని న్యాయస్థానంలో ఆరంభమవుతుందనీ, దర్యాప్తు అధికారి నిర్ణయంలోకి అతనిని దించరాదనీ తెలిపింది. అధికారి కోరుకొంటే సలహా అడగవచ్చు గాని, ఆ సలహాను అతనిపై రుద్దరాదు.

మేజిస్ట్రేటు కాపలా అతి ముఖ్యమైనది అరెస్టు తర్వాతి తొలి గంటలలో. రిమాండు ఉత్తర్వు యాంత్రికంగా ఇవ్వరాదనీ, అరెస్టుకు కారణాలను మేజిస్ట్రేటు స్వయంగా పరిశీలించాలనీ 2014లో అర్నేష్ కుమార్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించింది. 1996లో డి.కె. బసు కేసులో అరెస్టు సందర్భంగా పాటించవలసిన నియమాలను నిర్దేశించింది. ఈ ఆదేశాలు అవసరం కావడమే, చట్టంలో ఉన్న విభజనకూ ఠాణాలోని వాస్తవానికీ మధ్య దూరం తరగలేదనడానికి నిదర్శనం.

నేటి స్థితి

2024 జూలై 1 నుంచి 1973 స్మృతి స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. దాని 20వ విభాగం రాష్ట్రస్థాయిలోనే గాక జిల్లాస్థాయిలో కూడా ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్లకు వీలు కల్పించింది. పదేళ్ళూ అంతకు మించిన శిక్షపడదగిన కేసులను డైరెక్టరు పర్యవేక్షిస్తాడు. ఏడేళ్ళ నుంచి పదేళ్ళలోపు శిక్షపడదగిన కేసులలో పోలీసు నివేదికను పరిశీలించే బాధ్యత డిప్యూటీ డైరెక్టరుకు ఉంది. ఈ పరిశీలన పోలీసు దర్యాప్తుకు నిష్పాక్షికమైన రెండవ చూపు అవుతుందా, లేక ఒకే హోంశాఖ కింద రెండు విభాగాలు మళ్ళీ ఒకటవుతాయా అన్నది ఆచరణలో తేలవలసిన విషయం. అదే సంహిత 187వ విభాగం పోలీసు కస్టడీకి గల పదిహేను రోజులను తొలి నలుబది లేక అరువది రోజులలో విడతలవారీగా ఉపయోగించుకొనడానికి అవకాశమిచ్చింది. పాత స్మృతి కింద అవి తొలి పక్షం రోజులకే పరిమితమన్నది 1992 నాటి తీర్పు. అందువల్ల మేజిస్ట్రేటు జాగరూకత మునుపటి కంటె ఎక్కువ రోజులు అవసరమవుతుంది.

పోలీసు శాఖలోనే దర్యాప్తు విభాగాన్ని శాంతిభద్రతల విభాగం నుంచి వేరుచేయాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించింది. ఊరేగింపుల బందోబస్తుకూ, హత్యకేసు దర్యాప్తుకూ ఒకే అధికారి పరుగెత్తవలసి వస్తే రెండూ చెడుతాయన్నది ఆ ఆదేశానికి హేతువు. హైదరాబాదు వంటి నగరాలలో పోలీసు కమిషనరుకు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు అధికారాలుండడం కూడా ఈ చర్చలో భాగమే. శీఘ్ర నిర్ణయానికి అది తోడ్పడుతుందని పాలకులంటారు. నిషేధాజ్ఞను కోరేవాడూ జారీచేసేవాడూ ఒక్కరే కావడం 1816 నాటి ఏర్పాటును తలపిస్తుందని విమర్శకులంటారు.

ఈ రెండు శతాబ్దాల చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. అధికారాలను కలిపిన ప్రతిసారీ చెప్పిన కారణం సదుద్దేశంతో కూడినదే. మన్రో కోరినది రైతుకు న్యాయం దగ్గర కావాలని. జిల్లా అధికారి ప్రతిష్ఠను కాపాడాలన్నవారు కోరినది పాలన సుగమం కావాలని. వేగం, సౌలభ్యం, పొదుపు అనే మాటలు నేటికీ వినిపిస్తున్నాయి. అవి కాదనదగినవి కావు. కేసులు ఏళ్ళ తరబడి నిలిచిపోవడం కూడా అన్యాయమే. అయితే వేగాన్ని ఎక్కువమంది న్యాయమూర్తులను, శిక్షణ పొందిన దర్యాప్తు అధికారులను, పనికి తగిన సంఖ్యలో ప్రాసిక్యూటర్లను నియమించి సాధించాలి. ఒకరి పనిని మరొకరికి అంటగట్టి సాధించిన వేగానికి మూల్యం చెల్లించేది ఠాణాలో నిలబడిన నిరుపేద. పోలీసు పట్టినవానిని ప్రాసిక్యూటరు తన కళ్ళతో, న్యాయమూర్తి తన కళ్ళతో తిరిగి చూడాలన్న నియమం అతనికి దక్కిన రక్షణ. దానిని చట్టంలో నిలిపింది తరతరాల కృషి. ప్రతి ఠాణాలోనూ, ప్రతి కోర్టులోనూ పాటించి చూపవలసిన బాధ్యత ఇప్పటి తరానిది.